టెక్ సందేహాలు: ఓలెడ్ మానిటర్, గోడ మీది స్విచ్, ఎవరూ అడగని యాప్

ఒడిశాలోని బరంపురం, రాయగడ, జయపురం వైపు నుంచి ఈమధ్య వస్తున్న మెయిల్స్‌లో ఎక్కువ భాగం పెద్ద కర్వ్‌డ్ ఓలెడ్ మానిటర్ల గురించే. ఓలెడ్ అంటే పిక్సెల్, అంటే తెర మీది చుక్క, ఒక్కొక్కటీ తనంతట తానే వెలిగే తెర. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన మానిటర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కదా, ఇన్నాళ్లూ ఆగినవాళ్లు ఒక్కసారిగా కొన్నట్టున్నారు. కొన్నాక ఏదో ఒక గోల మాత్రం ఎవరికీ తప్పట్లేదు.

"అన్నా, 34 అంగుళాల అల్ట్రావైడ్ ఓలెడ్ కొని ఏడాది కాలేదు. బూడిదరంగు స్క్రీన్ పెడితే కింద టాస్క్‌బార్ చారలా, మూలన గేమ్ మ్యాప్ గుండ్రంగా నీడలా కనిపిస్తున్నాయి. రోజుకు నాలుగైదు గంటలే ఆడతాను. పిక్సెల్ రిఫ్రెష్ ఆన్‌లోనే ఉంది. ప్యానెల్ డిఫెక్టా?" – ఇంజినీరింగ్ విద్యార్థి, బరంపురం

తమ్ముడూ, మెయిల్ చివర్లో ఇంకో మాట రాశావు: "ఆట అయిపోగానే బోర్డు మీద స్విచ్ ఆపకపోతే నాన్న ఊరుకోరు" అని. నీ జవాబు అక్కడే ఉంది.

ఓలెడ్ పిక్సెల్స్ వాడేకొద్దీ అరుగుతాయని, అందులో నీలం ముందు అరుగుతుందని నీకు తెలిసే ఉంటుంది. ఏ పిక్సెల్ ఎంత అరిగిందో చూసుకుని అన్నిటినీ సరిచేసే పనే పిక్సెల్ రిఫ్రెష్. అది నువ్వు ఆడుతుండగా జరగదు. చాలా మోడళ్లలో వాడకం మొత్తం నాలుగు గంటలు దాటాక, నువ్వు మానిటర్ ఆపి అది స్టాండ్‌బైలోకి వెళ్లినప్పుడు మొదలై కొన్ని నిమిషాలు నడుస్తుంది. స్క్రీన్ నల్లగా ఉంటుంది కానీ లోపల పని జరుగుతూ ఉంటుంది. ఆ నిమిషాల్లో గోడ మీది స్విచ్ ఆపేస్తే పని అక్కడే ఆగిపోతుంది. మెనూలో "ఆన్" అని కనిపిస్తున్నా నీ మానిటర్‌లో అది ఒక్కసారైనా పూర్తిగా నడిచిందని నేననుకోను.

మీ నాన్నగారిని ఏమీ అనలేం. పడుకోబోయే ముందు అన్ని స్విచ్‌లూ చూసుకోవడం, వేసవిలో సాయంత్రం మబ్బు పట్టగానే ప్లగ్గులు పీకేయడం మీ వైపు ఇళ్లలో ఊరికే రాలేదు. 2013లో ఫైలిన్ తుపాను మీ పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. నాకు కోపమల్లా ఈ మానిటర్లు తయారుచేసేవాళ్ల మీద. ఆన్ చేయగానే మెరుపులతో లోగో చూపిస్తారు. ఎవరికీ కనపడని వెనక వైపు రంగురంగుల లైట్లు పెడతారు. "నిన్న రాత్రి రిఫ్రెష్ మధ్యలో ఆగిపోయింది, ఈరోజు గోడ స్విచ్ ఆపకండి" అని ఒక్క ముక్క స్క్రీన్ మీద వెయ్యడానికి మాత్రం వీళ్లకు చేతులు రావు. కొన్ని మోడళ్లయితే సరిగ్గా ఆట మధ్యలో "ఇప్పుడు రిఫ్రెష్ చేయమంటారా?" అని పెద్ద బాక్స్ తెచ్చి పెడతాయి. ఆ టైమ్‌లో ఎవడైనా క్యాన్సిలే నొక్కుతాడు.

ఇకనుంచి మానిటర్‌ని దాని బటన్‌తోనే ఆపు. ఇండికేటర్ లైటు మిణుకు మానేదాకా, తక్కువలో తక్కువ పది నిమిషాలు వదిలెయ్. ఆ తర్వాత నాన్నగారు స్విచ్ ఆపినా, ప్లగ్ పీకినా ఫరవాలేదు. ఉరుములు మొదలయ్యాయంటే మాత్రం ఆ పది నిమిషాలు కూడా చూడకు, పీకెయ్. మర్నాడు చేసుకుంటుంది. టాస్క్‌బార్ ఆటో-హైడ్‌లో పెట్టు, గేమ్‌లో మ్యాప్, హెల్త్ బార్ల ఒపాసిటీ తగ్గించు, అవి పలచగా కనిపిస్తాయి. ఇంకో సంగతి: నీలాంటి వెడల్పాటి (21:9) స్క్రీన్ మీద మామూలు (16:9) వీడియోలే గంటల తరబడి చూస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు ఉండే చోట ప్యానెల్ అరగదు, మధ్యలో అరుగుతుంది. మచ్చ అలా కూడా పడుతుంది.

ఉన్న నీడ సంగతంటావా, మెనూలోంచి పెద్ద రిఫ్రెష్ (ఎక్కువసేపు పట్టేది) ఒక్కసారి నడిపి చూడు. రోజూ నడపకు, దానివల్ల కూడా ప్యానెల్ మీద భారం పడుతుంది. పోకపోతే వారంటీ పేపర్ తీసి "బర్న్-ఇన్" (ఇలా పడి పోకుండా ఉండిపోయే నీడ) అనే మాట ఉందో లేదో చూడు. "మూడేళ్ల వారంటీ" అని ఉన్నంత మాత్రాన సరిపోదు. బర్న్-ఇన్‌కి కూడా అని విడిగా రాసి ఉండాలి.

"పగలు ఇంటి నుంచి అకౌంట్స్ పని, రాత్రి గేమింగ్. 45 అంగుళాలది కొన్నాను. ఎక్సెల్ ఫుల్ స్క్రీన్ పెట్టగానే వెలుతురు తగ్గిపోతోంది. అక్షరాల అంచుల్లో రంగులు కనిపిస్తున్నాయి. సర్వీస్‌కి ఇవ్వాలా?" – ప్రైవేటు ఉద్యోగి, రాయగడ

అక్కర్లేదండి, అది రిపేరు కాదు. స్క్రీన్ అంతా తెల్లగా ఉంటే కరెంటు ఎక్కువ లాగుతుందని, వేడెక్కుతుందని ఓలెడ్ తనంతట తనే వెలుతురు తగ్గించుకుంటుంది. అట్ట మీద ముద్రించిన వెయ్యి నిట్స్ (వెలుతురు కొలత) అంకె స్క్రీన్‌లో చిన్న ముక్క వెలిగినప్పటి సంగతి. మొత్తం తెలుపు మీద అందులో పావు వంతు వస్తే గొప్ప. మెనూలో వెలుతురు ఒకేలా ఉంచే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి, ఎప్పుడూ తక్కువే ఉంటుంది గానీ ఎగిరెగిరి పడదు.

అక్షరాల విషయానికొస్తే, విండోస్ అక్షరాలను నునుపు చేసే పద్ధతి ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసగా పక్కపక్కన ఉంటాయన్న లెక్కతో తయారైంది. చాలా ఓలెడ్ ప్యానెల్స్‌లో ఆ వరస వేరు. పైగా మీ 45 అంగుళాల దాంట్లో ఉన్నది 3440×1440 పిక్సెల్సే అయితే అంగుళానికి 83 వస్తాయి. అదే పిక్సెల్స్ 34 అంగుళాల్లో 110 పడతాయి. అక్షరాలను సరిచేసుకోవడానికి విండోస్‌లోనే ఉండే క్లియర్‌టైప్ ట్యూనర్ ఒకసారి నడపండి, కొంత నయం. రోజుకు ఎనిమిది గంటలు ఎక్సెల్ చూసేవాళ్లు గేమింగ్ ఓలెడ్ కొనకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పగటి పనికి పాత ఐపీఎస్ (మామూలు ఎల్‌సీడీ) మానిటర్ ఇంట్లో ఉంటే దాన్ని పక్కన తగిలించుకోండి.

"సార్, గేమ్ లోడింగ్ స్క్రీన్లలో మానిటర్ మిణుకుమిణుకుమంటోంది. ఫర్మ్‌వేర్ (మానిటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే పోతుందన్నారు. మా తమ్ముడు గూగుల్‌లో మానిటర్ యాప్ వెతికి మొదటి లింక్‌లో దొరికింది ఇన్‌స్టాల్ చేశాడు. మిణుకు పోలేదు. రెండు రోజుల్లో వాడి గేమ్ అకౌంట్, మెయిల్ రెండూ పోయాయి. ఓటీపీ పెట్టుకున్నా ఎలా పోయాయి?" – పర్లాకిమిడి

మిణుకు సంగతి తర్వాత. ముందు ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీసెయ్యండి.

మొదటి లింక్ అన్నారు. సెర్చ్‌లో పైన "స్పాన్సర్డ్" అని సన్న అక్షరాలతో వచ్చేది ప్రకటన. డబ్బు కట్టినవాడెవడైనా అక్కడికి రావచ్చు. తయారీదారు సైట్‌లాగే కనిపించే నకిలీ పేజీ పెట్టి, అసలు యాప్‌తో పాటు దొంగ ప్రోగ్రామ్ కలిపి ఇస్తారు. అది మీ పాస్‌వర్డ్ ఊహించే పని పెట్టుకోదు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ, దాంతో పాటు సెషన్ కుకీలూ ఎత్తుకుపోతుంది. మీరు ఒకసారి ఓటీపీ కొట్టి లాగిన్ అయ్యాక "ఈ మనిషిని ముందే చూశాను" అని సైట్ గుర్తుపెట్టుకునేది ఆ కుకీతోనే. అది వాడి చేతికి చిక్కితే వాణ్ని సైట్ ఓటీపీ అడగదు. మీ తమ్ముడి మెయిల్ పోయింది అలాగే అయి ఉండాలి.

వేరే ఫోన్ నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, "అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్" నొక్కండి. పాస్‌వర్డ్ మార్చి ఇది వదిలేస్తే దొంగ లోపలే కూర్చుని ఉండొచ్చు. మెయిల్ చేజిక్కాక మిగతా అకౌంట్లు. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పని ఎప్పుడైనా చేసి ఉంటే బ్యాంకుకు చెప్పండి. డబ్బు కూడా పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఒడిశాలో ఉన్నా ఆంధ్రలో ఉన్నా నంబరు అదే. విండోస్‌ని పూర్తిగా తుడిచి మళ్లీ వేయించండి. యాంటీవైరస్ "క్లీన్" అన్నదని సరిపెట్టుకోకండి.

అసలు మానిటర్‌కి యాప్ ఎందుకండీ? వెలుతురు, రంగు, మోడ్ మార్చడానికి మానిటర్ కిందే బటన్ ఉంది. ఈ కంపెనీలు మెనూని చేతికి దొరక్కుండా, ఒకదానిలో ఒకటి పది అరలుగా కట్టి, "కష్టంగా ఉందా, మా యాప్ వేసుకోండి" అంటాయి. ఆ యాప్ కంప్యూటర్ ఆన్ అవ్వగానే లేస్తుంది, అడ్మిన్ అనుమతి అడుగుతుంది, రోజూ ఇంటర్నెట్‌లో ఎవరితోనో మాట్లాడుతుంది. పాలు పోయడానికి వచ్చినవాడికి ఇంటి తాళాల గుత్తి ఇచ్చినట్టుంది యవ్వారం. మౌస్‌కి ఒకటి, కీబోర్డ్‌కి ఒకటి, లైట్లకి ఒకటి, ఇప్పుడు మానిటర్‌కి ఒకటి.

నా భయం ఉత్తుత్తిది కాదు. 2021 ఆగస్టులో ఒక గేమింగ్ మౌస్ కథ బయటపడింది. దాన్ని కంప్యూటర్‌కి తగిలించగానే విండోస్ తనంతట తానే ఆ కంపెనీ యాప్ ఇన్‌స్టాలర్‌ని తెచ్చి, సిస్టమ్ స్థాయి అధికారంతో నడిపేది. ఏ ఫోల్డర్‌లో వేయాలని అది అడిగిన కిటికీలో షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పవర్‌షెల్ (కంప్యూటర్‌కి ఆదేశాలు టైప్ చేసే చోటు) తెరుచుకునేది, అదే పూర్తి అధికారంతో. చేతిలో ఆ మౌస్ ఉండి, లాగిన్ అయి ఉన్న విండోస్ కంప్యూటర్ ముందు కూర్చోగలిగితే చాలు, దానికి యజమాని అయిపోగలిగేవారు. తర్వాత సరిచేశారు, నిజమే. కానీ పరికరం తగిలించగానే యాప్ దానంతటదే దిగే పద్ధతి ఇంకా ఉంది. విండోస్ సెర్చ్‌లో "డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్" అని కొట్టి, తయారీదారుల యాప్‌లు ఆటోమేటిక్‌గా దించుకోవాలా అన్నచోట "నో" పెట్టండి. ఈ కాలమ్ చదివేవాళ్లంతా ఈ ఒక్క పని ఈరోజే చేసేయండి.

ఫర్మ్‌వేర్ సంగతి ఇంకా ఉంది. మానిటర్ లోపల కూడా చిన్న కంప్యూటర్ ఉంటుంది, మీ స్క్రీన్ మీద ప్రతి చుక్కా దాని చేతుల మీదుగానే వెళ్తుంది. 2016లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభలో పరిశోధకులు ఒక మామూలు మానిటర్ ఫర్మ్‌వేర్‌ని మార్చి, కంప్యూటర్‌ని ముట్టుకోకుండానే స్క్రీన్ మీద కనిపించేదాన్ని మార్చి చూపించారు. బ్రౌజర్‌లో తాళం గుర్తు లేని చోట ఉన్నట్టు కూడా చూపించగలిగారు. మీ ఇంట్లో అలా జరిగిందని నేను అనడం లేదు, అంత కష్టం మామూలు దొంగ పడడు. కానీ ఫర్మ్‌వేర్ ఫైలు ఎవరో గ్రూపులో పెట్టిన డ్రైవ్ లింక్ నుంచి దించుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని దించుకోవాలి. తయారీదారు సపోర్ట్ పేజీలో, మానిటర్ వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు పూర్తిగా టైప్ చేసి తీసుకున్నదే వాడండి. అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోతే మానిటర్ మళ్లీ లేవకపోవచ్చు, కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ జోలికి పోకండి.

అడిగింది మిణుకు గురించి కదా. అది ఫర్మ్‌వేర్‌తో పూర్తిగా పోయేది కాదు. వేరియబుల్ రిఫ్రెష్ (గేమ్ వేగానికి తగ్గట్టు మానిటర్ తన వేగం మార్చుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉన్నప్పుడు ఫ్రేమ్‌రేట్, అంటే సెకనుకు వచ్చే బొమ్మల లెక్క, ఎగిరి పడితే ఓలెడ్‌లో చీకటి రంగుల వెలుతురు మారుతుంది. ఫ్రేమ్‌రేట్‌కి ఒక పరిమితి పెట్టండి, లేదా ఆ గేమ్ వరకు వేరియబుల్ రిఫ్రెష్ ఆపేయండి.

"49 అంగుళాలది విశాఖలో కొని జయపురం తెచ్చుకోవాలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా?" – జయపురం

ఎక్కడ కొన్నా, ముందు సర్వీస్ మీ పిన్‌కోడ్‌కి ఇంటికొచ్చి చేస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి. సరిహద్దు జిల్లాల్లో ఉండే చిక్కే ఇది. బిల్లు ఆంధ్రది, అడ్రసు ఒడిశాది అయితే సర్వీస్ వాళ్లు అటు అడగమని ఇటు, ఇటు అడగమని అటు తిప్పుతారు. సాలూరు ఘాట్ మీదుగా కార్లో తెచ్చుకుంటే పెట్టెని నిలువుగానే ఉంచాలి, పడుకోబెట్టొద్దు. ఆ మానిటర్ వెడల్పు దగ్గర దగ్గర నాలుగడుగులు, వెనక సీటు కొలుచుకుని బయల్దేరండి. ఆన్‌లైన్‌లో అయితే పెట్టె తెరిచేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా కట్ లేకుండా వీడియో తీయండి. టేబుల్ కూడా కొలవండి. మానిటర్ వివరాల్లో 1800ఆర్ అని ఉంటే ఆ వంపు 1.8 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ముక్క, మధ్యలో కూర్చున్నవాడికే ఆ అందం. పక్కన కూర్చుని సినిమా చూసేవాళ్లకు కాదు.

"అన్నా, సెకండ్‌హ్యాండ్ ఓలెడ్ సగం ధరకే వస్తోంది. తీసుకోవచ్చా?" – గుణుపురం, విద్యార్థి

నేరుగా చూడకుండా తీసుకోకు. ఫోటోలో మచ్చలు కనపడవు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నడిమి బూడిదరంగు, ముదురు బూడిదరంగు ఫుల్ స్క్రీన్ బొమ్మలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లు. గది తలుపులు మూయించి ఒక్కొక్కటీ పెట్టి చూడు. ప్యానెల్ ఎన్ని గంటలు నడిచిందో మెనూలో చూపించే మోడల్ అయితే ఆ అంకె అడుగు, చూపించనంటే వచ్చెయ్. ముదురు బూడిద మీద సన్నటి నిలువు గీతలు కనిపిస్తే కంగారు పడకు, కొత్త ప్యానెళ్లలోనూ ఉంటాయి. ఎరుపు మీద ఏమీ లేకుండా, బూడిద మీద కింద టాస్క్‌బార్ ఎత్తున అడ్డంగా పసుపు చార ఉందంటే నీలం అరిగిపోయిందని అర్థం. అది సగం ధరకు కాదు, పావు ధరకు కూడా వద్దు.