అమెరికా రాజకీయాల మీద బ్లాగులు రాసి, ప్లకార్డులు పట్టుకుని మీకు ఒరిగిందేమిటి?

ప్రశ్న అడిగినవారు డాలస్‌లో హెచ్‌1బీ మీద ఉన్నారట. ఓటు లేదు, కానీ ఇక్కడి రాజకీయాలు చూస్తుంటే ఒళ్ళు మండుతోంది అన్నారు. "మీలాంటి లిబరల్ బ్లాగర్లు ఇన్నేళ్ళు అరిచి ఏం సాధించారు, మాలాంటివాళ్ళు ఏం చెయ్యాలి?" అన్నది అసలు ప్రశ్న. కాస్త ఎత్తిపొడుపు ఉంది గానీ న్యాయంగానే అడిగారు.

నేను ఉత్తర వర్జీనియాలో, మనాసస్ పార్క్ దగ్గర ఉంటాను. 2015 నుంచి అమెరికా రాజకీయాల మీద తెలుగులో బ్లాగు రాస్తున్నాను. 2016లో పౌరసత్వం వచ్చింది, ఆ నవంబరులోనే మొదటి ఓటు హిల్లరీ క్లింటన్‌కు వేశాను. ఫలితాలు వచ్చిన రాత్రి తెల్లవార్లూ కూర్చుని రాసిన పోస్టునే ఇప్పటికీ నా బ్లాగులో ఎక్కువమంది చదువుతుంటారు. ఇప్పుడు చదివితే నాకే సిగ్గేస్తుంది. అంత పొడుగు ఏడుపులో పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు.

నా మొదటి ప్రదర్శన అనుకోకుండా జరిగింది. 2017 జనవరి 27, శుక్రవారం నాడు ట్రంప్ ఏడు దేశాలవాళ్ళు అమెరికాలో అడుగుపెట్టకుండా ఆర్డరు మీద సంతకం పెట్టాడు. ఇరాన్, ఇరాక్, లిబియా, సోమాలియా, సుడాన్, సిరియా, యెమెన్. మర్నాడే మా అత్తగారూ మామగారూ హైదరాబాదు నుంచి దిగుతున్నారు. డల్లెస్ ఎయిర్‌పోర్టుకు వెళ్ళి చూస్తే బయటికొచ్చే గేటు దగ్గర ఇసకేస్తే రాలని జనం. చేతిరాత ప్లకార్డులు, నేలమీద చతికిలబడి లాప్‌టాపులు ముందేసుకున్న లాయర్లు, వాళ్ళ పక్కన పిజ్జా పెట్టెలు. తలుపు తెరుచుకుని ఎవరు వచ్చినా సరే, చప్పట్లు, ఈలలు. మా మామగారు ఆవకాయ డబ్బాలున్న అట్టపెట్టెను ట్రాలీ మీద తోసుకుంటూ వచ్చి, ఆ మోతకు ఠక్కున ఆగిపోయారు. సినిమా హీరో ఎవడైనా వస్తున్నాడేమోనని వెనక్కి తిరిగి చూశారు. ఎవరూ లేరు. "ఏమయ్యా, ఇంతమందీ మన కోసమేనా?" అన్నారు. అత్తగారు మాత్రం తొణకలేదు. ఎవరో అమ్మాయి పువ్వు చేతిలో పెడితే "థాంక్యూ తల్లీ" అని హ్యాండుబ్యాగులో పెట్టుకున్నారు.

వాళ్ళను ఇంట్లో దింపేసి మళ్ళీ ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను. ఆ రాత్రే బ్రూక్లిన్‌లో ఒక జడ్జి, మా అలెగ్జాండ్రియాలో ఇంకో జడ్జి అత్యవసర ఆదేశాలిచ్చారు. ఇంటికొచ్చి "గెలిచాం" అని పోస్టు పెట్టాను. ఏం గెలిచాం! ఆ ఆర్డరునే రెండుసార్లు తిరగరాసి తెచ్చారు. మూడోదాన్ని 2018 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4తో సమర్థించింది. చివరికి 2021 జనవరి 20న బైడెన్ వచ్చిన రోజునే అది పోయింది.

2017 వసంతకాలంలో మా ఊరి లైబ్రరీలో ఒక మీటింగుకు వెళ్ళాను. ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టాన్ని రద్దు చెయ్యకుండా ఆపడం ఎలా అన్నది విషయం. రిటైరైన టీచరమ్మ ఒకావిడ అందరినీ వరసగా అడుగుతోంది: "మీ డెలిగేట్ ఎవరు?" నా వంతు రాగానే ధీమాగా "బార్బరా కామ్‌స్టాక్" అన్నాను. ఆవిడ నవ్వి, "ఆవిడ వాషింగ్టన్‌లో ఉండే కాంగ్రెసుమనిషి. నేనడిగింది రిచ్‌మండ్‌లో ఎవరున్నారని" అంది. మన లెక్కలో చెప్పాలంటే, ఎంపీ పేరు చెప్పి ఎమ్మెల్యే ఎవరో తెలియక బిక్కమొహం వేసుకున్నానన్నమాట. రెండేళ్ళుగా దేశానికంతటికీ బ్లాగులో నీతులు చెబుతున్న మనిషిని!

మా డెలిగేట్ బాబ్ మార్షల్ అని ఆ రోజే తెలిసింది. 1992 నుంచీ ఆ సీట్లో పాతుకుపోయిన రిపబ్లికన్. వర్జీనియాలో స్వలింగ వివాహాలను నిషేధిస్తూ 2006లో వచ్చిన రాజ్యాంగ సవరణకు ఆయన పేరే ఉంది. ట్రాన్స్‌జెండర్లు ఏ బాత్రూములోకి వెళ్ళాలో చెప్పే బిల్లు కూడా 2017లో ఆయనే పెట్టాడు. ఆయన మీద పోటీకి దిగింది డానికా రోమ్ అనే ట్రాన్స్‌జెండర్ మహిళ, అంతకుముందు స్థానిక పత్రికలో విలేకరి. బ్లాగరుకు ఇంతకంటే ఏం కావాలి? విందు భోజనం! పోస్టులకు శీర్షికలు కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

తీరా తలుపులు కొట్టడానికి వెళ్ళాక గాలి తీసినట్టయింది. ఫోనులో ఒక యాప్ ఇస్తారు. వీధి వారీగా రిజిస్టరైన ఓటర్ల పేర్లు, వయసు, గతంలో ఏయే ఎన్నికల్లో ఓటేశారో అందులో ఉంటుంది (ఎవరికి వేశారో ఉండదు, కంగారుపడకండి). చేతిలో కరపత్రాల కట్ట. పోస్టుడబ్బాలో వెయ్యకూడదు, అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం. తలుపు సందులో దోపాలి. పది ఇళ్ళు కొడితే రెండు తెరుచుకుంటే గొప్ప. తెరిచినవాళ్ళతో నేను ట్రంప్, ప్రజాస్వామ్యం అని మొదలుపెట్టేవాణ్ణి. వాళ్ళు రూటు 28 గురించి అడిగేవాళ్ళు. సెంటర్‌విల్ వైపు వెళ్ళే ఆ రోడ్డు మీద పొద్దున పూట ఎన్ని గంటలు బతుకు తెల్లారిపోతుందో మా ప్రాంతంవాళ్ళను అడగండి. "ఆ అమ్మాయి 28 సంగతి చూస్తుందా?" అంతే ప్రశ్న. డానికా రోమ్‌కు ఇది నాకంటే ఎంతో ముందు తెలుసు. ప్రచారమంతా రూటు 28 ట్రాఫిక్ మీదే నడిపింది. నేను రెండు వారాలకు దారికొచ్చాను. తలుపు తెరవగానే "ఈ పొద్దున 28 మీద ఎంతసేపు ఇరుక్కున్నారు?" అనడం నేర్చుకున్నాక ఎదుటివాళ్ళు నాతో మాట్లాడటం మొదలుపెట్టారు.

అక్టోబరులో ఒక శనివారం జాబితాలో తెలుగు ఇంటిపేరు కనిపించింది. గడప ముందు గుమ్మడికాయ, పక్కనే చిన్న ముగ్గు. తలుపు తీసినావిడది నా వయసే. నేను ఇంగ్లీషులో మొదలుపెడితే "తెలుగువారేగా, లోపలికి రండి" అన్నారు. ఓటు గురించి చెప్పగానే ఆవిడ ముఖంలో నిజమైన ఆశ్చర్యం. "పోయినేడే వేశాం కదండీ, మళ్ళీ నాలుగేళ్ళకు కదా?" అంది. వర్జీనియాలో రాష్ట్ర ఎన్నికలు బేసి సంవత్సరాల్లో వస్తాయని, వంద సీట్ల దిగువసభకు రెండేళ్ళకోసారి ఓటు పడుతుందని చెప్పాను. లోపలినుంచి ఆవిడ భర్త, "బాబూ, మనం ఉద్యోగాలు చేసుకోవడానికొచ్చాం, మనకెందుకీ గొడవలు" అన్నాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "మీకెందుకో నాకు తెలీదు గానీ, నేను రోజూ ఆ 28 మీదే చస్తున్నాను" అంది. మజ్జిగ తాగి బయటపడ్డాను. ఎవరికి వేసిందో నాకు తెలియదు, అడగలేదు కూడా.

నవంబరు 7న, ముసురు పట్టిన చలిలో, డానికా రోమ్ గెలిచింది. ఓడిన మార్షల్ మీద ఏమైనా అంటారా అని విలేకరులు అడిగితే, ఆయన కూడా ఇప్పుడు నా నియోజకవర్గంవాడే, నా జనాన్ని నేను నిందించను అని ఊరుకుంది. ఆయన మీద నేను రాసిపెట్టుకున్న వెటకారమంతా ఆ రాత్రే డిలీట్ చేశాను.

అసలు కథ ఆ తర్వాతది. అప్పటిదాకా దిగువసభలో రిపబ్లికన్లు 66, డెమోక్రాట్లు 34. ఆ ఒక్క రోజులో డెమోక్రాట్లు 49కి వచ్చారు. న్యూపోర్ట్ న్యూస్‌లో 94వ సీటు తేలలేదు. మళ్ళీ లెక్కపెడితే షెల్లీ సైమండ్స్‌కు ఒక్క ఓటు ఆధిక్యం వచ్చింది. మర్నాడు కోర్టులో ఇంకో ఓటు అవతలివాడి ఖాతాలో పడింది. ఇద్దరికీ సరిగ్గా 11,608. చట్టం ప్రకారం చీటీ తియ్యాలి. 2018 జనవరి 4న పాత కెమెరా ఫిల్ము డబ్బాల్లో పేర్లు పెట్టి, గిన్నెలో కలిపి, ఒకటి తీశారు. డేవిడ్ యాన్సీ, రిపబ్లికన్. మన పంచాయతీ ఎన్నికల్లో సమానమైతే చీటీ తీసినట్టే. లక్షల మంది నడిచిన ర్యాలీల గురించి రాసిన నేను, ఆ ఊళ్ళో ఇంకొక్క తలుపు ఎవరో కొట్టి ఉంటే అని ఆ రోజంతా కుమిలిపోయాను.

అయినా 51-49 అంటే రిపబ్లికన్లకు భయం పుట్టింది. అంతకుముందు గవర్నరు మెక్‌ఆలిఫ్ ఎంత మొత్తుకున్నా కదలని మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) విస్తరణ, కొందరు రిపబ్లికన్లు ఇటు తిరగడంతో 2018 మే నెలాఖరులో పాసైంది. 2019 జనవరి 1 నుంచి దాదాపు నాలుగు లక్షలమందికి అర్హత వచ్చింది. అంతకుముందు వర్జీనియాలో పిల్లల్లేని పెద్దవాళ్ళు ఎంత పేదవాళ్ళయినా, వైకల్యం లేకపోతే మెడికెయిడ్ దొరికేది కాదు. మేం వెళ్ళే కిరాణాకొట్టులో కౌంటరు దగ్గర ఉండే ఒకావిడ ఏళ్ళ తరబడి షుగరు మాత్రలు సగం విరిచి వేసుకునేది. ఆ ఫిబ్రవరిలో డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చానని, ఇప్పుడు మాత్ర మొత్తం వేసుకుంటున్నానని మా ఆవిడతో చెప్పింది.

వాషింగ్టన్‌లో మాత్రం మా వంతు చాలా చిన్నది. మా ఇద్దరు సెనెటర్లూ ముందే మావైపు. కామ్‌స్టాక్ కూడా 2017 మేలో బీమా చట్టం రద్దు బిల్లుకు వ్యతిరేకంగానే వేసింది. అయినా అది 217-213తో గట్టెక్కింది. జులై 28 తెల్లవారుజామున సెనేట్‌లో రిపబ్లికన్ సెనెటర్ మెకెయిన్ బొటనవేలు కిందికి దించి 49-51తో దాన్ని ముంచినప్పుడు నేను సోఫాలో టీవీ చూస్తున్నాను. నా ఫోన్‌కాల్స్ వల్లే అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ ఘనతలో ఎంతో కొంత, సెనెటర్ల ఆఫీసుల్లో వీల్‌చెయిర్లలో కూర్చుని అరెస్టయినవాళ్ళకు దక్కాలి.

డల్లెస్‌లో చప్పట్లు కొట్టి ఏం లాభం అంటారా? ఆ ఆర్డరు చూసే రాజకీయాల్లోకి వచ్చానని చెప్పిన ఒక కాలేజీ ప్రొఫెసరు, ఘజాలా హష్మీ, 2019లో రాష్ట్ర సెనేటుకు గెలిచారు. పుట్టింది హైదరాబాదులో. 2025 నవంబరులో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. అదే 2019లో షెల్లీ సైమండ్స్ కూడా యాన్సీని ఓడించింది, ఈసారి చీటీ అవసరం లేకుండా.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి, లేకపోతే ఇదంతా సొంత డబ్బా అవుతుంది. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించినప్పుడు, కాలిఫోర్నియాలో అలాంటి బిల్లును గవర్నరు న్యూసమ్ వీటో చేసినప్పుడు, నా బ్లాగులో ఒక్క పోస్టూ లేదు. సగం రాసి వదిలేశాను. మా తెలుగు సంఘంలో, శనివారం క్రికెట్ గ్రూపులో ముఖాలు చూసుకోవాలి కదా అనిపించింది. ట్రంప్‌ను తిట్టడానికి నాకెప్పుడూ ఆ మొహమాటం అడ్డు రాలేదు. ఆ డ్రాఫ్టు ఇంకా అలాగే ఉంది.

ఇక మీ సంగతి. ఓటరు రిజిస్ట్రేషను జోలికి పొరపాటున కూడా వెళ్ళకండి. డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో ఆ గడిలో టిక్ పెడితే తర్వాత మీ ఇమ్మిగ్రేషన్ మొత్తానికే ముప్పు. అభ్యర్థికి పైసా విరాళం ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు వచ్చాకే అది. జీతం తీసుకోకుండా ప్రచారంలో సాయం చెయ్యొచ్చు, తలుపులు కొట్టొచ్చు, ఫోన్లు చెయ్యొచ్చు. ప్రచారాన్ని నడిపే నిర్ణయాల్లో మాత్రం తలదూర్చకూడదు. వీధి ప్రదర్శనల విషయంలో 2017లో అయితే ధైర్యంగా వెళ్ళమనేవాణ్ణి. 2025 మార్చిలో కొలంబియా యూనివర్సిటీ ఆందోళనల్లో ముందున్న మహమూద్ ఖలీల్‌ను గ్రీన్‌కార్డు ఉండి కూడా పట్టుకెళ్ళడం చూశాక, వీసా మీద ఉన్నవాళ్ళకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రావట్లేదు. ముందు లాయరును అడగండి.

మీ టెక్సాస్‌లో మెడికెయిడ్ విస్తరణ ఇప్పటికీ లేదు. అక్కడి దిగువసభలో 150 సీట్లు, సరి సంవత్సరాల్లో ఎన్నికలు, ప్రైమరీలు (పార్టీల అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నికలు) మార్చిలోనే అయిపోతాయి. మీ అడ్రసు కొట్టి మీ స్టేట్ రిప్రజెంటేటివ్ ఎవరో ఇప్పుడే చూసుకోండి. శనివారం పొద్దున్నే వెళ్ళేట్టయితే నీళ్ళ సీసా, ఫోను చార్జరు పట్టుకెళ్ళండి. కుక్క ఉన్న ఇంటి గేటు తీసేముందు గొళ్ళెం ఒకసారి గట్టిగా చప్పుడు చెయ్యండి. నా ఎడమ పిక్క మీద మచ్చ ఆ పని చెయ్యకపోవడం వల్ల వచ్చిందే.