క్విక్ ఎడిట్ మార్చాలంటే

అల్లుడూ,

అమీర్‌పేట ఆఫీసులో వార్తల సైటు పని నీకు అప్పగించారని విని సంతోషం వేసింది. పోస్టుల లిస్టులో క్విక్ ఎడిట్ (పోస్టు తెరవకుండా లిస్టులోనే దిద్దే చిన్న ఫారం) నొక్కితే వార్త ఏ జిల్లాదో కూడా కనబడాలి, అంతే కదా? అందుకోసం సైటును నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ సొంత స్క్రిప్టునే తెరిచి మార్చేస్తానన్నావు. దాని జోలికి మాత్రం వెళ్లకు.

2013లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 3.7 వెర్షన్ నుంచి చిన్న అప్‌డేట్లు మామూలుగా వాటంతటవే ఎక్కుతాయి. అలా ఆ స్క్రిప్టు ఫైల్ మారిందంటే, గడిలో జిల్లా నింపే నీ కోడ్ గల్లంతే. జిల్లా గడి కనబడుతుంది గానీ ఖాళీగా ఉంటుంది. డెస్క్‌లో ఎవరో హెడ్డింగ్‌లో అచ్చుతప్పు దిద్ది అప్‌డేట్ నొక్కుతారు, అంతకుముందున్న జిల్లా చెరిగిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి ఎవరికీ తెలియదు. నాకు భయం అక్కడే.

పాత స్క్రిప్టును డీరిజిస్టర్ చేసి (అంటే వర్డ్‌ప్రెస్ జాబితా నుంచి తీసేసి) అదే పేరుతో నీ కాపీ పెట్టే దారీ ఉంది. కానీ ఆ తర్వాత వర్డ్‌ప్రెస్ వాళ్లు చేసే రిపేర్లేవీ నీ కాపీలోకి రావు. మరో గతి లేనప్పుడే ఆ పని చెయ్.

నీకు కావాల్సింది ఇన్‌లైన్‌ఎడిట్‌పోస్ట్ అనే ఆబ్జెక్ట్‌లోని ఎడిట్ ఫంక్షన్ ఒక్కటే. దాన్ని ముందు ఒక వేరియబుల్‌లో దాచుకో. అదే పేరుతో నీ ఫంక్షన్ రాసి, మొదటి లైన్‌లోనే పాతదాన్ని జావాస్క్రిప్ట్‌లోని అప్లైతో పిలువు. దిస్ (ఆ ఆబ్జెక్ట్), ఆర్గ్యుమెంట్స్ (ఫంక్షన్‌కు వచ్చిన విలువలు) రెండూ ఉన్నవి ఉన్నట్టే పంపు. వాళ్ల పని అయ్యాక ఆ వరుసలోని జిల్లా కాలమ్ చదివి గడిలో నింపు. పోస్టు ఐడీ ఒక్కోసారి నంబర్‌గా కాకుండా పేజీలోని ఎలిమెంట్‌గా వస్తుంది, అప్పుడు అదే ఆబ్జెక్ట్‌లోని గెట్‌ఐడీతో నంబర్ తీసుకో.

ఈ ఫైల్‌ను థీమ్‌లో (సైటు రూపాన్ని చూసే భాగంలో) పెట్టకు, చిన్న ప్లగిన్ (విడిగా జతచేసే భాగం) చెయ్. అడ్మిన్ పేజీల్లో స్క్రిప్టులు లోడ్ చేయించే అడ్మిన్ ఎన్‌క్యూ స్క్రిప్ట్స్ హుక్‌లో పోస్టుల లిస్టు పేజీకి మాత్రమే లోడ్ చెయ్. డిపెండెన్సీగా (నీ ఫైల్ కంటే ముందు లోడ్ కావాల్సినదిగా) వాళ్ల స్క్రిప్టు హ్యాండిల్, అంటే దాని రిజిస్టరు పేరు, ఇవ్వడం మర్చిపోకు. లేకపోతే నీ ఫైల్ ముందే లోడై, ఆ ఆబ్జెక్టే లేదని బ్రౌజర్ కన్సోల్‌లో ఎర్రర్ కొడుతుంది.

సేవ్ చేసే కోడ్‌లో నాన్స్ (రిక్వెస్టు అసలైనదేనా అని చూసే టోకెన్), పర్మిషన్ చూడటంతో పాటు ఇంకొకటి చూసుకో. ఆటోసేవ్ లాంటి వాటిలో జిల్లా గడి రాదు. రానప్పుడు పాత విలువను కదపకూడదు.

లైవ్‌లో పెట్టేముందు టెస్ట్ సైటులో హెడ్డింగ్ ఒక్కటే మార్చి సేవ్ చేసి, జిల్లా అలాగే ఉందో లేదో చూడు. ఏదైనా తేడా కొడితే ఆ కన్సోల్ స్క్రీన్‌షాట్ పంపు, రాత్రయినా ఫర్వాలేదు.

నీ మామ