బండి బ్యాటరీకి ఎన్ని ఆంపియర్ల కన్వర్టర్?

మోటార్‌హోమ్‌లు, కారవాన్‌ల (లోపల ఇల్లులా ఉండే బండ్ల) బ్యాటరీల గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ముందు ఒక్క మాట: బయటి ఏసీ కరెంటు (ఇంటి ప్లగ్గులో వచ్చేలాంటిది) తీసుకుని 12 వోల్టుల డీసీ ఇచ్చేది కన్వర్టర్. బ్యాటరీలోని డీసీతో ఏసీ పరికరాలు నడిపేది ఇన్వర్టర్. ఈ రెండింటికీ పేర్లు తారుమారైతే దుకాణంలో డబ్బు వృథా.

ప్రశ్న: మా మోటార్‌హోమ్‌లో 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు ప్యారలల్‌లో ఉన్నాయి. పాత 45 ఆంపియర్ల కన్వర్టర్ రాత్రంతా నడిచినా అవి పూర్తిగా నిండడం లేదు. 80 ఆంపియర్లది వేస్తే రెండు గంటల్లో నిండుతాయా?

జవాబు: నిండవు. మీకు 80 ఆంపియర్లు అక్కర్లేదు కూడా. లోపం ఆంపియర్లలో కాదు, వోల్టేజీలో ఉంది.

పాతకాలపు కన్వర్టర్లు ఎప్పుడూ ఒకే వోల్టేజీ ఇస్తాయి, ఎక్కువగా 13.6 దగ్గర. అది రాజీ అంకె. ఖాళీ బ్యాటరీని చురుగ్గా నింపడానికి చాలదు, నిండిన బ్యాటరీ మీద నెలల తరబడి ఉంచితే నీళ్లు ఆవిరి చేస్తుంది. లెడ్ యాసిడ్‌కు ముందు 14.4 వోల్టుల దాకా ఎక్కించాలి, కొన్ని గంటలు అక్కడే పట్టి ఉంచాలి, నిండాక 13.2 నుంచి 13.6 మధ్యకు దించాలి. ఈ పని తనంతట తాను చేసే మూడు దశల కన్వర్టర్ కొనండి. పెట్టె మీద ‘స్మార్ట్’ అని రాసి ఉంటే సరిపోదు. ఏ దశలో ఎన్ని వోల్టులో మాన్యువల్‌లో అంకెలు కనబడాలి. కనబడకపోతే ఆ సరుకు వదిలేయడమే మంచిది.

ఆంపియర్ల లెక్క సులువు. నీళ్లు పోసే బ్యాటరీకి సామర్థ్యంలో 10 నుంచి 20 శాతం. మీ 200 ఏహెచ్‌కు అది 20 నుంచి 40 ఆంపియర్లు. ఛార్జింగ్ సమయంలోనే దీపాలు, ఫ్యాను, నీళ్ల పంపు కూడా ఆ కన్వర్టర్ మీదే నడుస్తాయి కాబట్టి వాటికి 5 నుంచి 10 కలపండి. తిరిగి 45 దగ్గరికే వచ్చాం. ఏజీఎం (నీళ్లు పోయక్కర్లేని సీల్డ్ లెడ్ యాసిడ్) బ్యాటరీలైతే ఇంకాస్త ఎక్కువ తట్టుకుంటాయి, తయారీదారు చెప్పిన హద్దు చూసుకోండి.

ఇక ‘రెండు గంటలు’ అన్నారు. లెడ్ యాసిడ్ బ్యాటరీ 80 శాతం దాకా గబగబా తాగుతుంది. ఆ తర్వాత ఎంత పెద్ద కన్వర్టర్ పెట్టినా అది తీసుకునే కరెంటు తగ్గుతూనే పోతుంది. చివరి 20 శాతానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, ఇంకా ఎక్కువా పట్టవచ్చు.

కొనేముందు బ్యాటరీలను పరీక్షించండి. చాలాకాలం అరకొరగా నిండిన బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడి ఉంటుంది. పూర్తిగా ఛార్జ్ చేసి, కొన్ని గంటలు ఊరకే ఉంచి, హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత చూపే గొట్టం) ఒక్కో సెల్లూ కొలవండి. 1.265 దగ్గర ఉంటే బాగున్నట్టు. ఒక సెల్లుకూ మరో సెల్లుకూ 0.050 కన్నా ఎక్కువ తేడా ఉంటే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. దానికి కొత్త కన్వర్టర్ తగిలించి లాభం లేదు.

ప్రశ్న: కొత్త 60 ఆంపియర్ల కన్వర్టర్ వేయించాం. 14.4 వోల్టులు ఇస్తుందని రాసి ఉంది. బ్యాటరీ దగ్గర మీటర్ 13.5 చూపిస్తోంది. వెనక్కి ఇచ్చేయమంటారా?

జవాబు: తొందరపడకండి. ముందు క్లాంప్ మీటర్‌తో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) బ్యాటరీ తీగలో కరెంటు చూడండి. 60 దగ్గర ఉంటే కన్వర్టర్ తన శక్తికొద్దీ పోస్తున్నట్టు. బ్యాటరీ నిండేకొద్దీ వోల్టేజీ అదే పెరుగుతుంది.

కరెంటు బాగా తక్కువగా ఉంటే, అదే సమయంలో కన్వర్టర్ టెర్మినళ్ల దగ్గరా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరా వోల్టేజీ కొలవండి. రెంటికీ తేడా ఎంతో అదంతా తీగ మింగినది. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు దాదాపు 1.8 మిల్లీఓమ్‌ల నిరోధం. కన్వర్టర్‌కూ బ్యాటరీకీ 4 మీటర్ల దూరమంటే పోనూ రానూ 8 మీటర్లు. 60 ఆంపియర్ల దగ్గర పోయేది 0.86 వోల్టు. మీ 13.5 అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు. 35 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఆ నష్టం పావు వోల్టుకు తగ్గుతుంది.

దీనివల్ల ఇంకో చిక్కు ఉంది. చాలా కన్వర్టర్లు బ్యాటరీ ఎంత నిండిందో తమ టెర్మినళ్ల దగ్గరి వోల్టేజీ చూసే ఊహిస్తాయి. సన్న తీగ ఉంటే అక్కడ వోల్టేజీ ముందే పెరిగి, బ్యాటరీ నిండిందనుకుని అవి కింది దశకు దిగిపోతాయి. అందుకే తీగ లావు చేయడం కన్నా కన్వర్టర్‌నే బ్యాటరీకి దగ్గరగా జరపడం మంచి వైద్యం. అయితే నీళ్లు పోసే బ్యాటరీలున్న అరలోనే పెట్టకండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, కన్వర్టర్‌లో నిప్పురవ్వ పుట్టవచ్చు. తీగ మార్చేటప్పుడే బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా ఫ్యూజు పెట్టించండి. వదులైన లగ్గులు (తీగ చివర బిగించే లోహపు రింగులు), తుప్పు పట్టిన ఛాసిస్ ఎర్త్ కూడా ఇదే లక్షణం చూపిస్తాయి. చెయ్యి పెడితే వేడిగా తగిలే బోల్టే దొంగ.

ప్రశ్న: లిథియం బ్యాటరీకి మారుతున్నాం. పాత కన్వర్టర్ పనికొస్తుందా?

జవాబు: బండ్లలో వాడే లిథియం రకమైన లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు 14.2 నుంచి 14.6 వోల్టులు కావాలి. 13.6 ఇచ్చే పాతది బ్యాటరీని పాడుచేయదు కానీ, నింపడానికి చాలాసేపు తీసుకుంటుంది. పైగా లోపలి సెల్లులను సమం చేసే పని చాలా బ్యాటరీల్లో ఆ ఎక్కువ వోల్టేజీలోనే మొదలవుతుంది కాబట్టి అది జరగకుండా పోతుంది. ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్ సెల్లులను సమం చేసే అదనపు ఛార్జింగ్) పేరుతో 15 వోల్టులు దాటించే దశ గానీ, చలిలో వోల్టేజీ పెంచే సెన్సర్ గానీ ఉంటే ఆపేయాలి. ఆపే వీలు లేకపోతే ఆ కన్వర్టర్ వద్దు. 0 డిగ్రీల కన్నా చల్లబడిన బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. ఆ రక్షణ బ్యాటరీలోని బీఎంఎస్‌లో (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఉందో లేదో అడిగి కొనండి.

ఎవరూ చెప్పనిది ఒకటుంది. లెడ్ యాసిడ్ కాసేపు గట్టిగా తాగి తగ్గిస్తుంది. లిథియం దాదాపు నిండేదాకా పూర్తి కరెంటు లాగుతూనే ఉంటుంది. ఇన్నేళ్లూ అరగంట మాత్రమే కష్టపడిన మీ కన్వర్టర్, ఫ్యూజులు, తీగలు ఇకనుంచి గంటల తరబడి పూర్తి బరువు మోయాలి. మొదటి ఛార్జింగ్‌లో దగ్గరుండి ఒక్కో జాయింటూ ముట్టి చూడండి. కన్వర్టర్ చుట్టూ గాలి ఆడే చోటు వదలండి.

ప్రశ్న: 1000 వాట్ల జనరేటర్ ఉంది. 60 ఆంపియర్ల కన్వర్టర్ తగిలించగానే ట్రిప్ అవుతోంది. ఎందుకు?

జవాబు: 60 ఆంపియర్లను 14.4తో గుణిస్తే 864 వాట్లు. ఇది బయటికొచ్చేది. కన్వర్టర్ దక్షత 85 శాతమైతే లోపలికి 1016 వాట్లు కావాలి. పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనిచేసే వంతు) దిద్దని కన్వర్టర్‌లో అది 0.7 దగ్గర ఉంటుంది కనుక జనరేటర్ మీద పడేది 1450 వోల్ట్ ఆంపియర్లు. 1000 వాట్ల జనరేటర్ నిలకడగా ఇచ్చేదేమో సాధారణంగా 900. ట్రిప్ అవక ఏం చేస్తుంది?

పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ ఉన్న 45 ఆంపియర్లదైతే 780 వోల్ట్ ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. లేదా కరెంటు తగ్గించే సెట్టింగ్ ఉన్నది తీసుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటే జనరేటర్‌ను పొద్దున్నే, బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు నడిపి, చివరి 20 శాతం సోలార్‌కు వదిలేయండి. ఆ కొసరు కోసం ఇంధనం కాల్చడం దండగ.

ప్రశ్న: ఇన్వర్టర్ ఆన్ చేస్తే చాలు, ఏమీ వాడకపోయినా బ్యాటరీ దిగిపోతోంది.

జవాబు: ఇన్వర్టర్ బండి ఏసీ లైన్ మొత్తానికీ కరెంటు ఇస్తుంటే కన్వర్టర్ కూడా దాని మీదే నడుస్తున్నట్టు. బ్యాటరీ తనను తానే ఛార్జ్ చేసుకుంటూ మధ్యలో వేడి రూపంలో పోగొట్టుకుంటోంది. ఇన్వర్టర్ వేసేముందు కన్వర్టర్ బ్రేకర్ ఆపండి.

ప్రశ్న: బ్యాటరీ మార్చాక కన్వర్టర్ అసలు ఛార్జ్ చేయడం లేదు.

జవాబు: తీగలు తిరగబడి ఉంటాయి. అమెరికాలో తయారైన చాలా బండ్లలో 12 వోల్టుల వైపు నలుపు పాజిటివ్, తెలుపు నెగటివ్. కారు అలవాటుతో నలుపును నెగటివ్‌కు బిగిస్తే కన్వర్టర్ మీద ఉన్న రివర్స్ పోలారిటీ ఫ్యూజులు కాలిపోతాయి. అవి సాధారణంగా ఒకటో రెండో, 30 లేదా 40 ఆంపియర్లవి. బయటి కరెంటు తీసేసి, బ్యాటరీ విప్పి, వాటిని అదే రేటింగ్‌తో మార్చండి. మళ్లీ బిగించేముందు రంగు చూడకండి. బ్యాటరీ విప్పి ఉండగానే బయటి కరెంటు ఇచ్చి, ఆ తీగల చివర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. ఎర్ర ప్రోబ్ ఏ తీగ మీద ఉన్నప్పుడు మైనస్ గుర్తు లేకుండా 13 పైన చూపిస్తుందో అది పాజిటివ్. కరెంటు మళ్లీ ఆపి బిగించండి.