తర్వాతి లైను ఎక్కడుంది?

ప్రశ్న: బీటెక్ రెండో ఏడు చదువుతున్నాను. మా సీనియర్ ఒకాయన కాగితం మీద <@.+43 అని రాసిచ్చి, ఇదొక ప్రోగ్రామ్, రన్ చేస్తే 7 వస్తుంది, ఎలాగో చెప్పు అన్నారు. రాత్రంతా చూసినా అంతుపట్టలేదు. ఆటపట్టిస్తున్నారా, నిజంగా ఇలాంటి భాష ఉందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఉందండీ. పేరు బెఫంజ్. 1993లో క్రిస్ ప్రెస్సీ తయారుచేశాడు, కంపైల్ చేయడం (అంటే ప్రోగ్రామ్‌ని యంత్రం భాషలోకి మార్చడం) వీలైనంత కష్టంగా ఉండాలని పంతం పట్టి మరీ. మీరు క్లాసులో రాసే ప్రోగ్రామ్ పై లైను నుంచి కిందికి దిగుతుంది కదా, ఇందులో ఆ పద్ధతే లేదు. అడ్డంగా 80, నిలువుగా 25 గళ్ళ పలక ఒకటి ఉంటుంది, గడికో గుర్తు, వాటి మీద వైకుంఠపాళిలో కాయలాగా కంట్రోల్, అంటే ఇప్పుడు ఏ గడి పని జరగాలో చూపేది, నడుస్తుంది. బాణం ఎటు చూపిస్తే అటు. ప్రశ్నార్థకం తగిలితే నాలుగు దిక్కుల్లో ఎటు పోతుందో దాని ఇష్టం.

ఇక మీ కాగితం. కాయ ఎడమవైపు పై మూల నుంచి కుడికి బయల్దేరాలి, కానీ మొదటి గడిలోనే < ఉంది, కాబట్టి ఎడమకు తిరుగుతుంది. అటు పలక అయిపోయింది. అయిపోతే ఏం, ఈ అంచు దాటితే అవతలి అంచులో తేలుతుంది. కుడి చివర నుంచి ఖాళీ గళ్ళన్నీ దాటుకుంటూ వచ్చేసరికి 3, 4 తగులుతాయి, రెండూ స్టాక్ మీదకెక్కుతాయి (అంకెల్ని ఒకదానిమీద ఒకటి పేర్చే దొంతర), + వాటిని కూడుతుంది, చుక్క ఆ మొత్తాన్ని ప్రింట్ చేస్తుంది, @ దగ్గర ఆట ముగిసింది.

ఇప్పుడు మీరు ఆయనకి 34+#@. అని రాసివ్వండి. # అంటే పక్క గడి మీంచి దూకెయ్యడం. @ మీంచి దూకి, 7 ప్రింట్ చేసి, పలక చుట్టి మళ్ళీ మొదటికొస్తుంది, ఇక మీరు ఆపేదాకా 7 7 7 అని పడుతూనే ఉంటుంది.

నాగబంధంలో పాము మెలికల వెంట పద్యం చదివినవాళ్ళకి ఇది మరీ వింతేం కాదు. కాకపోతే పద్యం మనం చదువుతుండగా తన అక్షరాలు తనే మార్చుకోదు, బెఫంజ్ ప్రోగ్రామ్ నడుస్తూనే తన గళ్ళలో గుర్తులు మార్చేసుకోగలదు. కంపైలర్ రాసేవాళ్ళకి తలనొప్పి అక్కడే.

ప్రశ్న: గోటూ (ఫలానా లైనుకి దూకు అనే ఆదేశం) వాడితే మా మాస్టారు మార్కులు కోస్తారు. 'కమ్ ఫ్రమ్' అనేది కూడా ఉందట, జోకా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: జోకే, కానీ పనిచేసే జోకు. గోటూ హానికరమని 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా లేఖ అచ్చయ్యాక పెద్ద రచ్చ జరిగింది. 1973లో డేటామేషన్ పత్రికలో ఆర్. లారెన్స్ క్లార్క్, గోటూ వద్దంటే కమ్ ఫ్రమ్ పెట్టుకుందాం అని వెటకారంగా రాశాడు. తర్వాత దాన్ని నిజంగానే ఇంటర్‌కాల్‌లోకి తెచ్చారు. (ఇదెలాంటి భాషంటే, ప్రోగ్రామ్‌లో 'ప్లీజ్'లు తక్కువైతే మర్యాద లేదని, ఎక్కువైతే కాకా పడుతున్నావని కంపైలర్ తిప్పికొడుతుంది.)

తెలుగులో రాసి చూద్దాం:

10 పేరు అడుగు
20 నమస్కారం చెప్పు
30 10 నుంచి రా
40 ఆగు

పేరు అడుగుతుంది, నమస్కారం మాత్రం చెప్పదు. 10 అయిన వెంటనే 30 దాన్ని లాగేసుకుంటుంది. 10వ లైను ఎంతసేపు చూసినా ఆ సంగతి తెలియదు, అదీ ఇందులో దుర్మార్గం. గోటూ కనీసం చెప్పి వెళ్తుంది, ఇది చెప్పకుండా ఎత్తుకుపోతుంది. అలాగని మరీ నవ్వకండి, ఎక్సెల్‌లో ఒక గడి మారిస్తే ఎక్కడో మూలన ఉన్న మొత్తం మారిపోతుంది కదా, అక్కడ కూడా మీరు మార్చిన గడిలో ఆ సంగతి రాసి ఉండదు.

ఇదే రుచించినవాళ్ళకి డేవిడ్ మోర్గన్-మార్ చేసిన వెనెవర్ అనే భాష ఉంది. ప్రోగ్రామంటే చేయాల్సిన పనుల చీటీ, ఏది ముందు చేస్తుందో దానిష్టం, ఫలానా పని అయ్యేదాకా ఇది ఆపు అని మనమే విడిగా చెప్పుకోవాలి. 1 నుంచి 10 దాకా వరుసగా లెక్కపెట్టించడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది.