గోడ స్విచ్ కట్టేయకు, అమ్మడూ

విశాఖపట్నం,
ఎంవీపీ కాలనీ

చి. అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నైట్ డ్యూటీలు పడ్డ వారమంతా డీడీ సప్తగిరి ఛానెల్‌లో సంగీత కార్యక్రమాలు పోతున్నాయనీ, కొత్త టీవీలో రికార్డింగ్ ఉందట, ఎలా చేయాలో చెప్పమనీ అడిగావు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను.

టీవీ తన సొంత ట్యూనర్, అంటే లోపల సిగ్నల్ అందుకునే భాగం, ద్వారా వచ్చిన ఛానెల్‌నే రికార్డు చేస్తుంది. సెట్‌టాప్ బాక్సును హెచ్‌డీఎంఐ వైరుతో కలిపితే బొమ్మ చూపిస్తుంది గానీ దాచదు. అందుకే దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ సర్వీసు డీడీ ఫ్రీ డిష్ కేబుల్‌ని నేరుగా టీవీ వెనక ఉన్న శాటిలైట్ సాకెట్‌కే పెట్టించు. ఆ సాకెట్ లేకపోతే దిగులు పడకు, యూఎస్‌బీ రికార్డింగ్ ఉన్న ఫ్రీ డిష్ బాక్సు కొనుక్కుంటే సరిపోతుంది. నెలనెలా కట్టేది ఏమీ ఉండదు.

ఫ్రీ డిష్ ఛానెళ్లు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం మనకు దక్షిణ ఆగ్నేయంగా ఉంటుంది. అంటే మన ఊళ్లో డిష్ ముఖం సముద్రం వైపే. ఉప్పుగాలికి ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ పట్టే ముక్క) కనెక్టర్ తుప్పు పడుతుంది. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించు, పైన టేపు చుట్టించు. 2014లో హుద్‌హుద్ గాలికి మా డాబా మీది డిష్ ఎగిరిపోయింది. కొత్తదాన్ని సిమెంటు దిమ్మెకు బోల్టులతో బిగించాను. నువ్వూ అలాగే చేయించు. జోరువానలో మాత్రం ఎంత బిగించినా సిగ్నల్ పోతుంది.

రికార్డు చేసినవి దాచడానికి హార్డ్ డిస్కు ఖాళీది తీసుకో. మొదటిసారి టీవీ యూఎస్‌బీకి పెట్టగానే ఫార్మాట్ చేయమంటావా అని టీవీ అడుగుతుంది. సరే అంటే అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, కాబట్టి ఫొటోలున్న డిస్కు దాని దగ్గరకు తేకు. సెకనుకు 2 మెగాబిట్లతో వచ్చే ఛానెల్ గంటకు 900 ఎంబీ తీసుకుంటుంది, 500 జీబీ నీకు ఎక్కువే.

టైమ్ షిఫ్ట్ అంటే పాట మధ్యలో ఎవరైనా వస్తే పాజ్ నొక్కి, తర్వాత అక్కణ్ణించే చూడడం. అది తాత్కాలికం. ఛానెల్ మారిస్తే పోతుంది.

ఇక మీ అమ్మ సంగతి. రాత్రి పడుకునే ముందు అన్ని స్విచ్‌లూ కట్టేయడం మా ఇంట్లో నాన్న నేర్పిన అలవాటు, చెల్లాయి ఇప్పటికీ మానలేదు. రిమోట్‌తో ఆపితే టీవీ నిద్రలో ఉండి, రికార్డింగ్‌కు నువ్వు పెట్టిన టైముకు లేస్తుంది. గోడ స్విచ్ కట్టేస్తే లేవదు. ఆ స్విచ్ మీద కాగితం అంటించు. కార్యక్రమం ఒక్కోసారి ముందూ వెనకా అవుతుంది, అందుకని టైము పెట్టేటప్పుడు పది నిమిషాలు ముందు నుంచి, ఇరవై నిమిషాలు తర్వాత వరకు పెట్టు. డ్యూటీకి వెళ్లే ముందు రోజే ఒక అరగంట వార్తలు రికార్డు చేసి చూసుకుంటే టెన్షన్ ఉండదు.

ఇంకొకటి చెప్పాలి. మీ అత్తయ్య భజన బృందం ఒకసారి టీవీలో పాడింది. రికార్డు చేసుకున్నాను. తను పోయాక సాయంత్రాలు అదే పెట్టుకునేవాణ్ణి. రెండేళ్ల కిందట టీవీ చెడిపోయి లోపలి బోర్డు మార్చారు. డిస్కు అదే, ఫైలు పేరు కనబడుతోంది, కానీ తెరుచుకోలేదు. కంప్యూటర్‌లోనూ రాలేదు. రికార్డు చేసినదానికి టీవీ వేసే తాళం ఆ టీవీకే తెలుస్తుందట, పాత బోర్డుతో అదీ పోయింది. ఆ డిస్కు బీరువాలోనే ఉంది, పారేయలేకపోయాను.

అందుకే, చూసి చెరిపేసేవి టీవీకి వదిలెయ్. మనవాళ్లు ఎవరైనా కనబడితే మాత్రం ఎదురుగా ఫోన్ నిలబెట్టి వీడియో కూడా తీసుకో. బొమ్మ మసకగా వచ్చినా గొంతు వినబడుతుంది.

ఈ ఆదివారం నీకు సెలవైతే చెప్పు. వచ్చి డిష్ కేబుల్ నేనే కలుపుతాను.

ఇట్లు,
మీ మావయ్య