వాక్యూమ్ క్లీనర్ కొనేముందు దాని వెనుక నుంచి వచ్చే గాలి సంగతి చూడండి

విజయవాడ మొగల్రాజపురంలో ఫ్లాటు, పెద్దబ్బాయికి దుమ్ము తగిలితే తుమ్ములు ఆగవు, ఎన్ని వాట్ల వాక్యూమ్ క్లీనర్ తీసుకోవాలి, రోబో అయితే మేలా, కొన్నాక నిజంగా వాడతామా లేక అటక ఎక్కిస్తామా అని మీరు అడిగారు. వాట్ల సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే దుకాణంలో మీకు మొట్టమొదట చెప్పేది అదే, అన్నింటిలోకీ తక్కువ పనికొచ్చే అంకె కూడా అదే. వాట్లు ఆ యంత్రం ఎంత కరెంటు తింటుందో చెబుతాయి తప్ప ఎంత దుమ్ము తీస్తుందో చెప్పవు. ఐరోపా సమాఖ్య 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్లు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు మించిన ఇంటి వాక్యూమ్ క్లీనర్లను కొత్తగా మార్కెట్లోకి రానివ్వడం మానేసింది. ఈ గోడ నుంచి ఆ గోడ వరకు తివాచీలు పరుచుకునే దేశాలవారికే 900 వాట్లు చాలుతున్నప్పుడు, టైల్సు పరిచిన మన ఇళ్ళకు 2000 వాట్లు ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పైగా 1600 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర ఏడు ఆంపియర్ల దాకా లాగుతుంది, మన హాళ్ళలో టీవీ పక్కన ఉండే చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లది. ఏసీకి, గీజరుకు బిగించే 16 ఆంపియర్ల పాయింటు హాల్లో సాధారణంగా ఉండదు కనుక సన్నవైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి తెచ్చి తగిలిస్తారు, అది వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆ రోజుతో యంత్రం అటక ఎక్కుతుంది.

మీరు దుకాణంలో అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. యంత్రం లోపలికి లాగిన గాలి అంతా తిరిగి మీ గదిలోకే వస్తుంది, వచ్చేటప్పుడు తనతోపాటు ఏమేం తెస్తున్నదన్నది తెలుసుకోవాలి. ఈ పాఠం నాకు చెప్పింది గుంటూరు మిరపకాయ.

మేము కొరిటెపాడులో ఉంటాము. ఫిబ్రవరి వచ్చేసరికి మిర్చి యార్డుకు కొత్త కాయ జోరుగా దిగుతూ ఉంటుంది, మార్చిలో ఏ వీధిలో చూసినా డాబాల మీద ఎర్రగా కాయ ఆరబోసి ఉంటుంది, ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడం మా అత్తయ్యగారి దృష్టిలో ఏ పండుగకూ తీసిపోని కార్యక్రమం. ఘాటుకు తేజ, రంగుకు బ్యాడిగి అని ఆవిడ లెక్క ఆవిడకు ఉంది. కాయ ఎండిన తరువాత హాల్లో పాత దుప్పటి పరచుకుని తొడిమలు తుంచి, తాలు కాయలు ఏరి పక్కన పడేసి, మిగిలింది మరకు పంపుతారు. ఆ పని సగంలో ఉన్న రోజునే, మావారు ఏదో ప్రదర్శనలో స్టాలు దగ్గర ఫోను నంబరు రాసి ఇచ్చిన పాపానికి, ఒక కంపెనీ తాలూకు డెమో కుర్రాడు మెడకు టై కట్టుకుని యంత్రంతో సహా గుమ్మంలోకి వచ్చాడు.

అతను తన విద్యలన్నీ వరుసగా చూపించాడు. గొట్టానికీ మూతికీ మధ్య నల్లగుడ్డ ముక్క బిగించి పరుపు మీద తిప్పి, ఆ గుడ్డ మీద పేరుకున్న తెల్లటి దుమ్మును మా అందరి ముఖాల దగ్గరకూ తెచ్చి చూపించి, రాత్రంతా మీరు దీనిమీదే పడుకుంటున్నారు మేడమ్ అన్నాడు. ఏ పరుపు మీద పెట్టినా ఆ మాత్రం వస్తుందని నాకు తెలుసు కాబట్టి నేను చలించలేదు, అత్తయ్యగారు మాత్రం చలించారు. చలించినవారు ఊరుకోకుండా, దుప్పటి దులపగా గోడ మూలకు చేరిన గింజలూ ముక్కలూ పొడీ చూపించి, "ఇది లాగుతుందా బాబూ?" అని అడిగారు. "ఇనుప మేకులైనా లాగుతుందమ్మా" అన్నాడు.

లాగింది. గింజలు గొట్టంలో టకటకమంటూ పోతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది, మూల టైలు తళతళలాడింది, మావారు మెచ్చుకోలుగా తల కూడా ఊపారు. ఆ ఊపిన తల తిరిగి నిలబడేలోపు, యంత్రం వెనుక సన్నటి కంతల్లోంచి కంటికి కనిపించనిది ఒకటి గదిలోకి వచ్చింది, పైన ఫ్యాను తిరుగుతూ ఉండడంతో అది క్షణంలో నాలుగు మూలలకూ చేరింది. మొదట డెమో కుర్రాడే దగ్గాడు. తరువాత మావారు, తరువాత తలుపు తీసి ఉన్న ఎదురింటివారు. అత్తయ్యగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంటింటి బాల్కనీలోకి వెళ్ళిపోయారు, పుట్టినప్పటి నుంచి కారం మధ్యనే పెరిగిన మనిషి ఆవిడ. ఆ కుర్రాడు ఎక్కడో లీకయిందని అనుమానించి మూత తెరిచాడు, అది ఇంకా పొరపాటు. లోపలి గుడ్డ సంచి బయటివైపు, గింజ ఒక్కటి కూడా దాటని చోట, మెత్తటి ఎర్రపొడి పలుచగా అంటుకుని ఉంది, మూత లోపలి అంచున దాన్ని వేలితో గీస్తే గీత పడింది.

అందరికీ మజ్జిగ ఇచ్చాము. కారం మంటకు మూలమైన క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, పాలలోనూ పెరుగులోనూ ఉండే కేసీన్ దాన్ని పట్టుకుంటుంది కాబట్టి గొంతు మంటకు మజ్జిగే పనిచేస్తుంది. ఆ కుర్రాడి మీద మాకు కోపం రాలేదు, అతను రెండో గ్లాసు కూడా తాగి, అరండల్‌పేటలో ఇంకొక డెమో ఉందని అదే యంత్రం భుజాన వేసుకుని వెళ్ళాడు. ఆ అరండల్‌పేటవారి పరుపు గతి ఏమయిందో నేను ఊహించగలను.

ఇప్పుడు ఆలోచించండి. ఆ రోజు పొడి కారం కాబట్టి మాకు తెలిసింది. మామూలు దుమ్మయితే ఇదే జరిగేది, ఎవరూ దగ్గేవారు కాదు, నేల శుభ్రంగా కనిపించేది, అతను ఫారం నింపించుకుని సంతోషంగా వెళ్ళేవాడు. పెద్ద చెత్తను సంచిలో దాచి, చీపురుకు నేలమీదే అణిగి ఉండే సన్నటి ధూళిని వేగంగా పైకి ఎగజిమ్మే యంత్రాలు మార్కెట్లో కొల్లలుగా ఉన్నాయి, తుమ్ముల పిల్లవాడున్న ఇంట్లో అటువంటిది లేకపోవడమే మంచిది. అసలు ఈ యంత్రం పుట్టుకలోనే ఆ రహస్యం ఉంది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్మును గాలితో ఊదే యంత్రాన్ని ఒకటి చూసి, ఊదడం మాని పీల్చాలని అనుకుని, ఒక హోటల్లో కుర్చీ మీద రుమాలు పరచి దానిమీద నోరు పెట్టి పీల్చాడట. దగ్గుతో ఉక్కిరిబిక్కిరయినా, రుమాలుకు అంటిన మురికిని చూసి తన ఆలోచన సరైనదని నిర్ధారించుకుని పేటెంటు తీసుకున్నాడు. అక్కడ పని చేసింది రుమాలు. నూటఇరవై ఏళ్ళు దాటినా మనవాళ్ళు మోటారును అమ్ముతున్నారు, రుమాలు గురించి అడిగితే ముఖాలు చూసుకుంటున్నారు.

మీరు అడగవలసిన పేరు హెపా ఫిల్టరు. అసలైన హెపా 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో 99.97 శాతం ఆపాలని అమెరికా ప్రమాణం చెబుతుంది, ఐరోపా లెక్కలో హెచ్13 తరగతి అంటే 99.95 శాతం. డబ్బా మీద హెపా టైప్ అనో హెపా లైక్ అనో ఉంటే అది హెపా కానట్టే లెక్క, హెచ్13 వంటి తరగతి రాసి ఉందో లేదో వెతకండి. ఫిల్టరు మంచిదై మూత దగ్గర రబ్బరు వదులుగా ఉన్నా ప్రయోజనం లేదు, గాలి ఎప్పుడూ సులువైన దారే చూసుకుంటుంది. దుకాణంలో యంత్రం ఆన్ చేయించి, మూత అంచుల చుట్టూ చేయి తిప్పి చూడండి, అంచుల్లోంచి గాలి తగిలితే దాన్ని అక్కడే వదిలి రండి. సేల్స్‌మన్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

సంచి ఉన్నదా, సంచి లేకుండా ప్లాస్టిక్ డబ్బా ఉన్నదా అన్న విషయంలో నేను సంచి పక్షమే. డబ్బా పారదర్శకంగా ఉండి లోపల దుమ్ము తిరగడం చూడముచ్చటగా ఉంటుంది, కానీ దాన్ని చెత్తబుట్టలో బోర్లించిన క్షణంలో లేచే మేఘం మీ అబ్బాయి ముక్కులోకే పోతుంది. పొరలు పొరలుగా ఉండే వాడి పారేసే సంచి అయితే మూతి మూసి అలాగే పారేయవచ్చు. ఖర్చు నిజమే. కడిగి వాడుకునే గుడ్డ సంచి చౌక అని చెబుతారు, ఆ గుడ్డ సంచి చేసే ఘనకార్యం పైన చెప్పాను. కడగదగిన స్పాంజి ఫిల్టరు ఉంటే నీడలో పూర్తిగా, అంటే ఒక రోజంతా ఆరిన తరువాతే తిరిగి పెట్టండి, తడిగా పెడితే బూజు వాసన ఇల్లంతా వ్యాపిస్తుంది.

పరుపు విషయంలో మాత్రం డెమోవాళ్ళు చెప్పేదానిలో కొంత నిజం ఉంది. పరుపుల్లో ఉండే ధూళి పురుగులు మిల్లీమీటరులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటాయి, మన చర్మం నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి, కృష్ణ ఒడ్డు తేమ వాటికి బాగా సరిపడుతుంది, తుమ్ములు తెప్పించేది ముఖ్యంగా వాటి మలమే. వాక్యూమ్ ఆ ధూళిని తగ్గిస్తుంది, పరుపును గట్టిగా పట్టుకుని ఉండే పురుగులను మాత్రం పూర్తిగా లాగలేదు. దుప్పట్లూ దిండు గలీబులూ వారం వారం అరవై డిగ్రీల వేడినీళ్ళలో ఉతికితే పురుగులు చస్తాయి, ఆ పని చేయకుండా యంత్రం ఒక్కదానిమీదే భారం వేస్తే డబ్బు దండగ.

ఇక వాడతామా అన్న ప్రశ్న. చీపురుకు బదులు అనుకుని కొన్న ప్రతి ఇంట్లోనూ అది అటక ఎక్కింది, నేను చూసినంతలో మినహాయింపు లేదు. నున్నటి నేల ఊడ్చి తడిగుడ్డ పెట్టడంలో మన పనిమనిషిని మించిన యంత్రం లేదు, పైగా ఆమెకు వాక్యూమ్ ఇస్తే ఆ మోతకు చిరాకుపడి రెండో రోజే చీపురు అడుగుతుంది. ఆ చిరాకు న్యాయమైనదే. ఐరోపావారి 2017 నిబంధన శబ్దాన్ని కూడా 80 డెసిబెల్స్‌కు కట్టడి చేసింది, మన దుకాణాల్లో శబ్దం గురించి అడిగితే "మోటారు పవర్‌ఫుల్ మేడమ్" అని దాన్ని కూడా గొప్పగానే చెబుతారు. మా ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ చేసే పనులు చీపురు చేయలేనివి మాత్రమే: సంక్రాంతికి ముందు బూజు, దోమతెరల కిటికీలు, ఏసీ జాలీలు, పరుపులు, మంచాల కింద, సోఫా అతుకుల్లో చిక్కుకున్న చక్కిలాల ముక్కలు. దేవుడి గది దగ్గర జాగ్రత్తగా ఉండాలి, పూలమాల దారం తిరిగే బ్రష్షుకు ఒకసారి చుట్టుకుంటే కత్తెర పెట్టి కోయవలసిందే. ముగ్గుపిండి, గోడ పుట్టీ గీకిన పొడి, ధూపం బూడిద ఎప్పుడూ పెట్టకండి, అవి ఫిల్టరు రంధ్రాలను మూసేసి మోటారును వేడెక్కిస్తాయి.

రోబో గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. రెండు సెంటీమీటర్లు దాటిన ఎత్తు చాలా రోబోలు ఎక్కలేవు, పసుపు రాసి బొట్లు పెట్టిన మన గడపలు అంతకంటే ఎత్తు. ప్రతి గదికీ దాన్ని చేత్తో ఎత్తి పెట్టేటప్పుడు అది మనకు పని చేస్తున్నదా, మనం దానికి చేస్తున్నామా అన్న సందేహం వస్తుంది. గడపలు లేకుండా కట్టిన కొత్త ఫ్లాటయితే రోజువారీ పైపై దుమ్ముకు పనికొస్తుంది, పరుపు మాత్రం ఎక్కలేదు, మీ అబ్బాయికి కావలసింది పరుపే. వైరు లేని కర్ర రకాలు తేలికే, కానీ పూర్తి వేగంలో పెడితే పది నిమిషాల అటూ ఇటూగా బ్యాటరీ అయిపోతుంది, లిథియం బ్యాటరీకి మే నెల బెజవాడ వేడి పడదు, రెండు మూడేళ్ళకు కొత్త బ్యాటరీ ధర వినవలసి వస్తుంది.

నీళ్ళు కూడా లాగే రకం కొనమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగిన తరువాత ఆ రకానికి గిరాకీ పెరిగినట్టు నాకు అనిపించింది. అప్పుడు ఇళ్ళలో పేరుకున్న బురదను ఫైరింజన్లు తెచ్చి కడిగించవలసి వచ్చింది, ఇంటి యంత్రానికి లొంగే బురద కాదది. బాల్కనీలోకి వచ్చిన వాననీటికీ వాషింగ్ మెషిన్ పొంగినదానికీ అయితే పనికొస్తుంది, సంచి తీసి స్పాంజి పెట్టడం మరిచిపోకూడదు, ఎర్తింగ్ సరిగ్గా లేని ప్లగ్గులో పెట్టి తడినేల మీద నిలబడకూడదు.

మీరు చెప్పిన ఇంటికి నేనైతే వైరు ఉన్నది, సంచి ఉన్నది, హెచ్13 ఫిల్టరు ఉన్నది, వెయ్యి వాట్లకు అటూ ఇటూ ఉన్నది, బరువు అయిదు కేజీలు మించనిది తీసుకుంటాను. డబ్బాతోపాటు వచ్చే రకరకాల మూతుల్లో సన్న మూతి, పరుపు మూతి తప్ప మిగిలినవన్నీ ఒక కవరులో వేసి అల్మరాలో పెట్టేయండి, యంత్రాన్ని మాత్రం మంచం పక్కన ప్లగ్గు దగ్గరే ఉంచండి. కొనేరోజునే సంచులూ ఒక ఫిల్టరూ అదనంగా బిల్లు వేయించుకోండి. మోడల్ మారిపోయిన తరువాత ఆ సంచుల కోసం బీసెంట్ రోడ్డు అంతా తిరిగినా దొరకవు, దొరికినవి సరిపడవు.