జపాన్ సంప్రదాయ కబుకి నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లే ఎందుకు వేస్తారు?

1629లో జపాన్‌ను ఏలుతున్న తొకుగావా ప్రభుత్వం ఆడవాళ్లు రంగస్థలం ఎక్కకూడదని నిషేధించడం వల్లే ఈ పద్ధతి వచ్చింది. నటీమణుల్లో చాలామంది వేశ్యావృత్తిలోనూ ఉండేవారు. వాళ్ల కోసం ప్రేక్షకులు కొట్టుకోవడం సర్కారుకు తలనొప్పయింది. వాళ్ల బదులు కుర్రాళ్లను దింపితే మళ్లీ అదే గొడవ! 1652లో వాళ్లనీ ఆపేశారు. ఇక మిగిలింది పెద్ద మగవాళ్లు, అదీ ముందుజుట్టు గొరిగించుకోవాలన్న షరతు మీద. ఆడవేషధారులు, అంటే 'ఒన్నగాత'లు, ఆ బోడి నుదురు కనబడకుండా ఊదారంగు గుడ్డ కప్పుకునేవారు. చివరికి ఆ గుడ్డే వాళ్ల గుర్తయిపోయింది.

కబుకి మొదట్నుంచీ మగవాళ్ల కళే అని చాలామంది అనుకుంటారు. నిజానికి 1603 ప్రాంతంలో క్యోటోలో దాన్ని మొదలుపెట్టింది ఇజుమో నో ఒకుని అనే నర్తకి.